బోరు ఎండిందా, ఫ్యూజు పోయిందా? నవల మధ్యలో కలం ఆగడం వెనక సంగతులు

పోతన కథ వినని తెలుగువాళ్ళు తక్కువ. గజేంద్రుడి మొర వైకుంఠానికి చేరింది. ఇక వైకుంఠం ఎలా ఉంటుందో చెప్పాలి. 'అల వైకుంఠపురంబులో నగరిలో' అని ఎత్తుకున్నాడు. ఆపైన తోచలేదు. గంటం పక్కన పెట్టి అలా బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే పద్యం పూర్తయి ఉంది. ఎవరు రాశారమ్మా అని అడిగితే, 'నువ్వే కదా నాన్నా, ఇందాక వచ్చి రాసి వెళ్ళావు' అందట కూతురు. పోతన రూపంలో వచ్చి రాసి వెళ్ళినవాడు రాముడని ఐతిహ్యం.

చరిత్ర కాదు, నిజమే. కానీ ఈ కథ అల్లినవాళ్ళెవరో గానీ రాసేవాళ్ళ బాధ బాగా ఎరిగినవాళ్ళు. కవి ఎక్కడ ఆగాడో చూడండి. మొసలి పట్టు దగ్గర ఆగలేదు, ఏనుగు ఘోష దగ్గర ఆగలేదు. ఎన్నడూ చూడని ఊరిని కళ్ళకు కట్టాల్సి వచ్చేసరికి ఆగాడు. ప్రతిభ అడుగంటి కాదు, చేతిలో సరుకు లేక ఆగాడు. ఈ రెంటికీ ఉన్న తేడాయే ఈ వ్యాసమంతా.

ఇప్పుడు మనం దీన్ని రైటర్స్ బ్లాక్ అంటున్నాం. నవల మొదలుపెట్టి మూడు నెలలుగా కదలనివాళ్ళు అదే మాట అంటారు. అసలు మొదలే పెట్టనివాళ్ళు కూడా అదే మాట అంటారు. నవంబరులో 50,000 మాటల నవల రాయండంటూ ప్రపంచమంతా ఊదరగొట్టిన నానోరైమో సంస్థ 2025 మార్చి చివర్లో మూతపడుతున్నట్టు ప్రకటించాక ఈ చర్చ మళ్ళీ రేగింది. రోజుకిన్ని మాటలని లెక్కపెట్టి రాస్తే అడ్డు తొలగుతుందా? చాట్‌బాట్‌ను అడిగితే తొలగుతుందా? లేక అడ్డు అనేదే వట్టి సాకా? జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో జబ్బుకు మందు చెబుతున్నారు.

పేరు పెట్టినాయన, ఖాళీ కాగితం అచ్చువేసినాయన

రాయలేకపోవడం పాతదే. దానికి ఈ పేరు మాత్రం 1947లో వచ్చింది. ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మనస్తత్వ విశ్లేషకుడు పెట్టాడు. ఆస్ట్రియా నుంచి న్యూయార్క్ వెళ్ళి స్థిరపడిన ఫ్రాయిడ్ శిష్యకోటిలో మనిషి. రాయలేకపోవడానికి మూలం పసితనంలో తల్లితో ముడిపడిన చిక్కుల్లో ఉందని, తనను తాను శిక్షించుకునే కోరికలో ఉందని ఆయన వాదన. ఆ వివరణను ఇప్పుడు పట్టించుకునేవాళ్ళు అరుదు. పేరు మాత్రం నిలిచిపోయింది. పేరుతోపాటు ఒక నమ్మకం కూడా దొంగచాటుగా వచ్చి చేరింది: ఇది ఒకే జబ్బు, లోపలెక్కడో ఉంటుంది, దానంతటది రావాలి, దానంతటది పోవాలి అని.

1974లో డెనిస్ అప్పర్ అనే మనస్తత్వవేత్త ఒక పరిశోధన పత్రికలో వ్యాసం వేశాడు. తన రైటర్స్ బ్లాక్‌కు తానే వైద్యం చేసుకోబోయి విఫలమైన వైనం అన్నది శీర్షిక. కింద ఒక్క అక్షరం లేదు. పేజీ ఖాళీ. నిమ్మరసం పూసి, ఎక్స్‌రే తీసి చూసినా ఒక్క తప్పు కనపడలేదని సమీక్షకుడి వ్యాఖ్య కూడా పక్కనే అచ్చయింది. ఈ విషయం మీద వచ్చిన వ్యాసాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

గట్టి పనిని మొదట తలకెత్తుకున్నవాళ్ళలో మైక్ రోజ్ ఒకడు. లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పదిమంది విద్యార్థులను పరిశీలించి 1980లో ఒక వ్యాసం రాశాడు. ఐదుగురు రాయలేక చతికిలబడేవాళ్ళు, ఐదుగురు సాఫీగా రాసేవాళ్ళు. తెలివిలో పెద్ద తేడా లేదు. తేడా వాళ్ళు నమ్మిన సూత్రాల్లో ఉంది. మొదటి పేరాయే చదివేవాణ్ణి కట్టిపడేయాలి, ప్రతి వాక్యమూ మొదటిసారే తప్పుల్లేకుండా దిగాలి అనే శిలాశాసనాలు ఆగిపోయేవాళ్ళ తలలో ఉన్నాయి. సాఫీగా రాసేవాళ్ళకూ సూత్రాలున్నాయి గానీ, పనికిరాకపోతే అవి పక్కకు జరిగేవి. అంటే, బెర్గ్లర్ పసితనంలో వెతికిన అడ్డును రోజ్ వ్యాకరణం నోటుబుక్కులో పట్టుకున్నాడు.

ఏది అడ్డు, ఏది కాదు

పొలంలో మోటారు ఆగితే రైతు ముందు 'మోటారు బ్లాక్ వచ్చింది' అనుకోడు. కరెంటు ఉందా చూస్తాడు. ఫ్యూజు పోయిందా చూస్తాడు. పైపు ఎక్కడైనా పగిలిందా చూస్తాడు. చివరికి, బోరులో అసలు నీళ్ళున్నాయా అని. నాలుగిటిలోనూ కనిపించేది ఒకటే: కాలవలో నీళ్ళు లేవు. చెయ్యాల్సిన పని మాత్రం నాలుగు రకాలు. పైగా నీళ్ళు లేని బోరుకు పట్టుబట్టి మోటారు వేస్తే మోటారే కాలుతుంది.

రాయడానికీ ఇదే వరస. రైటర్స్ బ్లాక్ అన్న మాటను కాస్త కట్టడిగా వాడాలంటే మూడు షరతులు పెట్టుకోవచ్చు. రాయాలని ఉండాలి. రాయగల సత్తా ముందే రుజువై ఉండాలి. కాగితం ముందు కూర్చోవడం కూడా జరగాలి. ఈ మూడూ ఉండి, రోజులూ వారాలూ సాగకపోతే అది అడ్డు. ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చి, పిల్లల హోంవర్క్ చూసి, కళ్ళు మూతలు పడుతుంటే రాయలేకపోవడం అడ్డు కాదు, కరెంటు కోత. ఇక రాయడమే కాక నిద్ర, తిండి, మనుషులతో మాట్లాడటం, ఇదివరకు ఇష్టమైన ప్రతిదీ మొహం మొత్తితే అది సాహిత్య సమస్యే కాదు, డాక్టరు చూడాల్సిన సంగతి. దానికి రైటర్స్ బ్లాక్ అనే ముద్దుపేరు పెట్టుకుని ఏడాది గడిపేయడం ప్రమాదం.

కరెంటు కోత మాట వచ్చింది కనక అల్లసాని పెద్దనను తలచుకోకుండా ఎలా? కావ్యం రాయమని అడిగితే ఆయన ఒక జాబితా చదివాడని చాటువు. ఎవరూ కదిలించని చోటు, ప్రియమైన దూతిక తెచ్చిచ్చే కప్పురవిడెం, మనసుకు నచ్చిన భోజనం, ఉయ్యాలమంచం, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు, ఊహ గ్రహించే లేఖకులూ పాఠకులూ. ఇవన్నీ దొరికితే తప్ప 'ఊరక కృతుల్ రచియింపుమటన్న శక్యమే' అని. దీన్ని చదివి రాచవైభోగం అని నవ్వుకుంటాం. ఉయ్యాలమంచం, కప్పురవిడెం తీసేసి మళ్ళీ చదవండి. మిగిలేది: గదికి తలుపు, కడుపునిండా తిండి, నిజం చెప్పే పాఠకుడు. ఈ మూడూ లేక ఆగిపోయిన నవలలు, ముఖ్యంగా ఆడవాళ్ళ నవలలు, ఎన్నని లెక్కపెడతాం?

కథకు రాని చిక్కు నవలకెందుకు?

చిన్నకథ రెండు మూడు పూటల్లో అయిపోతుంది. మొదలుపెట్టిన మూడ్‌లోనే ముగించవచ్చు. నవల అలా కాదు. ఒక లెక్క వేసుకుందాం. 60,000 మాటల నవల. రోజుకు 300 మాటలు రాస్తే 200 రోజులు. వారానికి ఐదు రోజులే కుదిరితే 40 వారాలు, పండగలూ పెళ్ళిళ్ళూ జ్వరాలూ కలిపి ఏడాది. ఆ ఏడాదిలో మొదటి అధ్యాయం రాసిన మనిషి మారిపోతాడు. పదో అధ్యాయం రాస్తున్నవాడికి మొదటి అధ్యాయం నచ్చదు. ఆగిపోవడానికి అదొక్కటి చాలు.

ఇక్కడో పక్కమాట. నానోరైమో లెక్క ప్రకారం నెలకు 50,000 అంటే రోజుకు 1,667 మాటలు. అది ఇంగ్లీషు లెక్క. 'ఇంటికి వెళ్ళాలనుకుంటున్నాను' అంటే మనకు రెండు మాటలు. అదే ఇంగ్లీషులో ఐదారవుతాయి. ఆ అంకెను తెచ్చి తెలుగు మీద పెట్టుకుని, 'రోజుకు 900 కూడా దాటడం లేదు, నేను పనికిరాను' అని బెంగపడేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. 900 తెలుగు మాటలు మామూలు సంగతి కాదు.

పన్నెండో అధ్యాయంలో నారాయణ సంతకం

ఊహాజనితమైన నవల ఒకటి తీసుకుందాం. శ్రీశైలం ముంపు నేపథ్యం. 1980ల మొదట్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణ ఒడ్డు ఊళ్ళు రిజర్వాయరు కింద మునిగిన కాలం. నారాయణ నాలుగెకరాల రైతు. కూతురు సరోజ హైస్కూలు చదువుతోంది. రచయిత్రి వేసుకున్న ప్లాను ప్రకారం పన్నెండో అధ్యాయంలో నారాయణ పరిహారం కాగితం మీద సంతకం పెట్టాలి. పదమూడులో ఆ కుటుంబం ఊరు వదలాలి. పదకొండు అధ్యాయాలు చకచకా సాగాయి. పన్నెండు దగ్గర ఆరు వారాలుగా ఒకే పేరా రాస్తూ కొడుతూ ఉంది. ఎందుకు ఆగింది?

మొదటి అనుమానం బోరులో నీళ్ళ మీద. ఆ కాగితం ఎలా ఉంటుంది? ఎవరు తెచ్చారు, తహసీల్దారా, గుమాస్తానా? డబ్బు ఒక్కసారి ఇచ్చారా, విడతలుగానా? ఇల్లు కొలిచేటప్పుడు పశువుల కొట్టం లెక్కలోకి వచ్చిందా? ఇవేవీ తెలియకపోతే వాక్యం కదలదు. పోతన వైకుంఠం లాంటి చిక్కు ఇదే. దీనికి ధ్యానం, సంకల్పం ఏమీ చెయ్యలేవు. ముంపు ఊళ్ళ పెద్దవాళ్ళతో ఒక పూట కూర్చోవడం, నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరం గుడి దగ్గరికి ఒకసారి వెళ్ళి రావడం చేసేంత మేలు, బల్ల ముందు నెల రోజులు కూర్చున్నా జరగదు. ఇలాంటి ఆగడం గుర్తుపట్టడం సులువు: రచయిత్రికి ఏం జరగాలో తెలుసు, ఎలా జరిగిందో తెలియదు.

రెండోది పగిలిన పైపు. అంటే కథ కట్టడంలోనే తప్పు. నాలుగు నుంచి తొమ్మిది దాకా అధ్యాయాలు తిరగేస్తే నారాయణ ఎలాంటివాడుగా తేలాడు? బావి దగ్గర గట్టు తగాదాలో పదేళ్ళు కోర్టుకు తిరిగినవాడు. అన్న చెప్పినా తగ్గనివాడు. ఆ మనిషి ఇప్పుడు గుమాస్తా చూపిన చోట సంతకం ఎందుకు పెడతాడు? పదమూడో అధ్యాయానికి అవసరం కనక! రచయిత్రికి ఈ సంగతి పైకి తెలియదు గానీ చెయ్యికి తెలిసింది. ఆరు వారాలుగా ఆగింది ఆమె కాదు, నారాయణే మొరాయిస్తున్నాడు. తప్పు పన్నెండులో లేదు, ఎనిమిదిలో ఉంది. అక్కడ సరోజ పెళ్ళి మాటో, పాత బాకీయో ఒక్కటి పడితే అతని చెయ్యి దానంతటదే కాగితం మీదికి వెళుతుంది. లేదా అతను సంతకం పెట్టడు, అది వేరే నవల. ఆగిపోయిన నవలల్లో ఎక్కువ భాగం ఈ రకమేనని నా అభిప్రాయం. సాగని చోటనే తవ్వుతూ కూర్చుంటాం, లీకు వెనక ఎక్కడో ఉంటుంది.

మూడోది ఫ్యూజు: భయం. నారాయణ అచ్చం రచయిత్రి నాన్నే అనుకోండి. ఆ సంతకం వెనక ఇంట్లో ఎవరూ మాట్లాడని ఒక సంగతి ఉంది. నవల అచ్చయితే బాబాయిలు చదువుతారు, అత్తలు ఫోన్లు చేస్తారు. ఫ్యూజు పోవడం చెడ్డ కాదు, తీగలు కాలిపోకుండా అది ఆపుతుంది. ఆ భయం ఏదో అనవసరపు బెరుకు అని కొట్టిపారేసే పుస్తకాలున్నాయి. నేను ఒప్పుకోను. కొన్నిసార్లు అది మర్యాద, కొన్నిసార్లు బాధ్యత. ఎవరికి ఏం చెప్పకూడదో తేల్చుకునేదాకా కలం ఆగడం సబబే.

ఒకే అధ్యాయం, ఒకే ఖాళీ. 'రోజూ కూర్చో, వస్తుంది' అనే సలహా మొదటి రెంటికీ పనికిరాదు. 'వెళ్ళి చూసి రా, మనుషులతో మాట్లాడు' అనేది మూడోదానికి పనికిరాదు. సలహాలు ఒకదానితో ఒకటి తగువులాడటానికి కారణం ఇదే.

ఏ తెలుగులో ఆలోచించాలి?

ఇంగ్లీషు పుస్తకాల్లో కనపడని అడ్డు మనకు ఒకటుంది. నారాయణ నందికొట్కూరు వైపు యాసలో మాట్లాడాలి. సరోజ బళ్ళో వేరే తెలుగు, ఇంట్లో వేరే తెలుగు. కథ చెప్పే గొంతు ఏ తెలుగు? పత్రికల తెలుగు పెడితే నారాయణ నోరు విప్పగానే అతుకు కనపడుతుంది. పూర్తిగా యాసలో రాస్తే, కర్నూలు వదిలి ఇరవై ఏళ్ళయిన రచయిత్రికి ప్రతి మూడో మాట దగ్గరా అనుమానం. ఇక ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగులో రాయాలనుకునే ఈ తరానికి ఇంకో చిక్కు. భావం ఒక భాషలో తడుతుంది, మాట ఇంకో భాషలో వెతకాలి. దృశ్యం కళ్ళ ముందే ఉంటుంది, 'కొట్టం' అనాలా 'షెడ్డు' అనాలా అని అరగంట పోతుంది. ఆ అరగంటలో దృశ్యం చల్లారుతుంది. కథ తోచకపోవడం వేరు, మాట తోచకపోవడం వేరు. రెండోదాన్ని మొదటిదని పొరబడి, తనలో కథే లేదని పెన్ను పెట్టేసినవాళ్ళున్నారు.

దీని పక్కనే టైపింగ్ గోల. చేత్తో రాస్తే మళ్ళీ కొట్టించాలి. ఫోనులో కొడితే ఒత్తుల దగ్గర వేలు ఆగుతుంది. డీటీపీవాళ్ళు వాడే అను ఫాంట్లలో కొట్టింది, ఫోన్లూ వెబ్‌సైట్లూ చదవగల యూనికోడ్‌లోకి మార్చితే అక్షరాలు చెదురుతాయి. చిన్న సంగతులే గానీ, రోజూ పది మాటల దగ్గర తట్టుకుంటే బండి ఆగుతుంది. కొందరు ఫోనుకు చెప్పి రాయించుకుంటున్నారు. తెలుగుకు ఇది కొత్త కాదని ఇప్పుడే చూస్తాం.

గడువు: మందా, విషమా?

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీకి విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' పంపారు. 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారని ప్రతీతి. బహుమతిని అడివి బాపిరాజు 'నారాయణరావు'తో పంచుకుంది. 1866లో రష్యాలో దొస్తోయెవ్‌స్కీదీ ఇలాంటి కథే. నవంబరు 1 లోగా నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళపాటు తన రచనలన్నీ పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే హక్కు ప్రచురణకర్త స్టెల్లోవ్‌స్కీకి పోతుంది. అక్టోబరులో అన్నా స్నిత్కినా అనే షార్ట్‌హ్యాండ్ అమ్మాయిని పెట్టుకుని 26 రోజుల్లో 'జూదరి' చెప్పి రాయించాడు. తర్వాత ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు, అది వేరే సంగతి.

మన వారపత్రికల సీరియళ్ళ కాలమంతా ఇదే గడువు మీద నడిచింది. తెలుగు నవలకు తొలి ఇటుకల్లో ఒకటైన కందుకూరి 'రాజశేఖర చరిత్రము' కూడా 1878లో 'వివేకవర్ధని'లో సీరియలుగానే మొదలైంది. వారం వారం ప్రెస్సు కుర్రాడు గుమ్మంలో నిలబడితే బ్లాక్ అన్న మాటకు తావెక్కడ?

గడువును సమర్థించే పరిశోధన కూడా ఉంది. 1983లో రాబర్ట్ బాయిస్ 27 మంది అధ్యాపకులను మూడు జట్లు చేశాడు. ఒక జట్టు అత్యవసరమైతే తప్ప రాయకూడదు. రెండో జట్టు బుద్ధి పుట్టినప్పుడు రాయొచ్చు. మూడో జట్టు రోజూ రాసి తీరాలి, తప్పితే తమకు గిట్టని సంస్థకు తమ డబ్బు చందాగా పోతుంది. మూడో జట్టు ఎక్కువ పేజీలు రాసింది, అందులో వింతలేదు. కొత్త ఆలోచనలు కూడా వాళ్ళకే ఎక్కువ వచ్చాయి. తోచాక రాయడం కాదు, రాస్తే తోస్తుంది అనే వాదానికి ఇది పెద్ద ఆధారం.

కానీ ఇక్కడ ఆగి చూడాలి. బాయిస్ లెక్కపెట్టింది అధ్యాపకుల వ్యాసాలను, నవలలను కాదు. జనం తక్కువ. విశ్వనాథ, దొస్తోయెవ్‌స్కీల దగ్గర గడువు నీళ్ళు పుట్టించలేదు. ఏళ్ళ తరబడి ఊరిన నీళ్ళను తోడింది. అంతే. జూదం గురించి రాయడానికి దొస్తోయెవ్‌స్కీ పరిశోధన చెయ్యనక్కరలేదు, తన జేబు చూసుకుంటే చాలు. సీరియళ్ళలోనూ గడువు తెచ్చిన నష్టం పాత పాఠకులకు తెలుసు. ఇరవయ్యో వారంలో హఠాత్తుగా విదేశాల నుంచి ఊడిపడే మేనబావలు, గతం మరిచిపోయే నాయికలు ఎక్కణ్ణుంచి వచ్చారనుకుంటున్నారు?

రోజూ రాసేవాళ్ళు, ఎదురుచూసేవాళ్ళు

పైపులు బిగించే మేస్త్రికి లేని బ్లాక్ రచయితకెందుకు అని ఒక వర్గం అడుగుతుంది. దీనికి కులదైవం పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున్నే లేచి, వాచీ ముందు పెట్టుకుని ప్రతి పావుగంటకు 250 మాటలు రాసేవాడు. 47 నవలలు. ఈ సంగతి ఆయన చనిపోయాక, 1883లో వచ్చిన ఆత్మకథలో ఆయనే చెప్పాడు. ఆ లెక్కల్లో తొందరపడి చూస్తే కనపడనిది ఒకటుంది: పని మొదలయ్యే ముందు అరగంట నిన్న రాసింది చదువుకునేవాడు.

రెండో వర్గం ఎదురుచూడమంటుంది. మేస్త్రికి ఇల్లు ముందే ఉంటుంది, రచయితకు ఇల్లూ కట్టుకోవాలి, పైపూ వెయ్యాలి అని వాళ్ళ జవాబు. నిజమే. ఊరకున్నట్టు కనిపించే కాలంలో లోపల ఏదో జరగడం చాలామందికి అనుభవమే. వ్యాసుడి కథలో ఈ రెండు వర్గాలూ ఒక్కచోట కలుస్తాయి. కలం ఆగకూడదని వినాయకుడు షరతు పెట్టాడు. అర్థం చేసుకోకుండా రాయకూడదని వ్యాసుడు తిరుగు షరతు పెట్టాడు. మధ్యమధ్యలో చిక్కుముడి శ్లోకాలు వేశాడు, 8,800 అని లెక్క కూడా చెబుతారు. గణపతి ఒక్క క్షణం ఆలోచనలో పడితే ఆలోగా వ్యాసుడు తర్వాతి శ్లోకాలు కూర్చుకునేవాడు. ఆగకుండా రాయించడానికి ఒకడు, ఆగడానికి వీలు దొంగిలించేవాడు ఇంకొకడు. నవల రాసే ఒక్క మనిషిలోనే ఈ ఇద్దరూ ఉండాలి.

అమెరికా నవలాకారుడు హెమింగ్వే పద్ధతి ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోటనే రోజు పని ఆపేసేవాడు. బోరు పూర్తిగా తోడెయ్యకుండా ఊటకు వదలడం అన్నమాట. మన సీరియల్ రచయితలు 'సశేషం' దగ్గర చేసింది పైకి ఇలాగే ఉంటుంది గానీ ఉద్దేశం వేరు. ఆ కొక్కెం పాఠకుడి కోసం. నాయిక తలుపు తీసి కెవ్వుమన్న చోట ఆపినవాడికి, తలుపు వెనక ఎవరున్నారో వచ్చే వారం దాకా తనకూ తెలియని సందర్భాలు లేకపోలేదు.

చాట్‌బాట్‌ను అడిగితే

ఇప్పుడు ఆగినచోట చాలామంది ముందు చేసే పని ఇదే. 2024 సెప్టెంబరులో నానోరైమో ఈ యంత్రాల వాడకాన్ని పూర్తిగా ఖండించడం సరికాదని, అలా ఖండించడంలో పేదలపట్ల, వికలాంగులపట్ల చిన్నచూపు ఉందని ప్రకటించి రచయితల ఆగ్రహం మూటగట్టుకుంది. అనుకూలురు చెప్పేది: అర్ధరాత్రి మాట్లాడటానికి మనిషి దొరకనివాళ్ళకు ఇదొక తోడు. ప్రశ్నలు వేయించుకోవచ్చు, చూసుకోని తప్పు పట్టించుకోవచ్చు. వ్యతిరేకులు చెప్పేది: ఆ యంత్రాలను రచయితల పుస్తకాలతోనే, వాళ్ళ అనుమతి అడక్కుండా తయారుచేశారు, పైగా నవల రాయడమంటే ఆ ఆగిన చోట తేల్చుకోవడమే, దాన్ని అప్పగిస్తే మిగిలేదేమిటి?

మన నారాయణ దగ్గర పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 'ఈ పదకొండు అధ్యాయాల్లో నారాయణ ఎక్కడెక్కడ తలొగ్గాడు?' అని అడిగితే పనికొచ్చే జవాబు రావచ్చు, సరిచూసుకోవాలి. 'సంతకం దృశ్యం రాయి' అంటే మాత్రం చాలా కథల్లో ఎలా ఉంటుందో అలా రాస్తుంది: వణికే వేళ్ళు, కాగితం మీద పడే కన్నీటి చుక్క, దూరంగా గుడి గంట. ముంపు పరిహారంలో కొట్టం లెక్కలోకి వచ్చిందా లేదా అన్నది దాని దగ్గర ఉండకపోవచ్చు. తెలియకపోయినా తెలిసినట్టే చెప్పవచ్చు. ఎండిన బోరుకు ట్యాంకరు నీళ్ళు తెప్పించినట్టు. ఆ పూటకు పంట తడుస్తుంది.

పేజీలు పెరుగుతున్నా నవల ఆగిపోవడం

అన్నిటికంటే గుర్తుపట్టడం కష్టమైనది ఇది. అమెరికా రచయిత రాల్ఫ్ ఎల్లిసన్ 1952లో 'ఇన్విజిబుల్ మ్యాన్' వేసి ఒక్కసారిగా పెద్దవాడైపోయాడు. రెండో నవల మొదలుపెట్టాడు. 1967లో ఇల్లు కాలి రాతప్రతి కొంత పోయింది. 1994లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు. వెనక 2,000 పేజీలకు పైగా మిగిలాయి. నవల మాత్రం పూర్తికాలేదు. ఇది రాయలేకపోవడమా? రోజూ రాసినవాణ్ణి ఆ మాట ఎలా అంటాం? ముగించలేకపోవడం. ముగించనంతకాలం ఆ నవల మనసులో ఉన్నంత గొప్పగా ఉండగలదు. ముగిస్తే ఇంతే అని తేలిపోతుంది. మొదటి పుస్తకానికి పేరొచ్చినవాళ్ళకు ఈ బెడద మరీ ఎక్కువ.

గురజాడ దీన్ని ఇంకోలా దాటాడు. 'కన్యాశుల్కం' నవల కాదు, నాటకమే అయినా ఉదాహరణ బాగా అతుకుతుంది. 1892లో ఒక రూపంలో ప్రదర్శించి చేతులు దులుపుకున్నాడు. 1909లో దాదాపు కొత్త నాటకమనదగినంతగా తిరగరాసి అచ్చువేశాడు. మనం ఇవాళ చదివేది రెండోదే. ముందుది ముగించి ఉండకపోతే ఆ రెండోది దేన్ని తిరగరాసేది?

ఇక ఆగిన చోటును దాటేసి ముందుకు పోవచ్చా అంటే, తెలుగు సాహిత్యం మొదలైందే అలా. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తలా ఒక కథ. రెండు శతాబ్దాల తర్వాత తిక్కన వచ్చి ఆ మిగిలిన ముక్కను ముట్టుకోలేదు. విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా వెళ్ళిపోయాడు. నడిమి ఖాళీ అలాగే ఉంది. పధ్నాలుగో శతాబ్దంలో ఎర్రన దాన్ని పూరించాడు, అదీ తన పేరు వెనక పెట్టుకుని, నన్నయే రాసినట్టు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చి. నన్నయ పోలికతో మొదలుపెట్టి, తిక్కన దగ్గరికి వచ్చేసరికి ఆ ధోరణిలోకి మెల్లగా జారాడని పండితులు చెబుతారు. మన రచయిత్రి కూడా పన్నెండును వదిలేసి పధ్నాలుగు రాస్తోంది. కొత్త ఊళ్ళో సరోజ మొదటి రోజు బడికి వెళ్ళే అధ్యాయం. నాన్న సంతకం ఎందుకు పెట్టాడని అక్కడ ఆ పిల్ల ఎవరినో అడుగుతోందట.